ఎమ్మెస్సీ జియాలజీ తర్వాత సెడిమెంటాలజీలోకి (ఇసుక, మట్టి లాంటి అవక్షేపాల అధ్యయనంలోకి) వెళ్తే రోజూ చేసే పని ఏమిటి? ఉద్యోగాలు ఉంటాయా?

ఉద్యోగాల సంగతి ముందు చెప్పేస్తాను. జీఎస్‌ఐకి (జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి) యూపీఎస్సీ పెట్టే కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి. చమురు కంపెనీలు గేట్ స్కోరు అడుగుతున్నాయో లేదో ప్రతి నోటిఫికేషన్‌లోనూ చూసుకోవాలి. పరిశోధన అయితే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష. సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓకి విశాఖలోనూ కేంద్రం ఉంది.

ఇక పని. ఏటిగట్టు కోతలో పొరలు చదవడం అందులో చిన్న భాగమే. మిగతాదంతా జల్లెడ, త్రాసు, గడియారంతో రేణువుల సైజులు కొలవడం. గోదావరి డెల్టా మట్టే తీసుకోండి. 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ మీద తడిగా కడిగితే ఇసుక పైన నిలుస్తుంది, సిల్టూ (ఇసుక కంటే సన్నటి ఒండ్రు), ఇంకా సన్నటి బంకమన్నూ కిందికి దిగుతాయి. ఈ మట్టిని ముందే ఓవెన్‌లో ఎండబెట్టకండి, గడ్డకట్టి మళ్లీ విడిపోదు. తేమ కోసం వేరే ముక్క ఎండబెట్టుకోండి. సముద్రం దగ్గరి నమూనాలో ఉప్పు ఉంటే బంకరేణువులు ముద్దలు కట్టి త్వరగా దిగిపోతాయి. అందుకే కడిగిన నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లబడడం ఆగేవరకూ డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి.

జల్లెడ దిగిన సన్న మట్టికి పిపెట్ పద్ధతి: నీళ్లలో కలిపి, లెక్క ప్రకారం ఆగి, నిర్ణీత లోతు నుంచి పిపెట్ గొట్టంతో కొంచెం పీల్చి, ఎండబెట్టి తూచడం. లీటరు సిలిండర్‌కి 15 గ్రాముల మట్టి చాలు. మరీ చిక్కబడితే రేణువులు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. విడదీయడానికి సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ 5 గ్రాములు వేశారనుకోండి, తీసే ప్రతి 20 మిల్లీలీటర్లలో 0.1 గ్రాము ఆ ఉప్పే ఉంటుంది. తూచిన బరువులోంచి దాన్ని తీసేయడం మర్చిపోతే లీటరు లెక్కలో 5 గ్రాముల బంకమన్ను ఊరికే పుట్టుకొస్తుంది, అంటే అసలు మట్టిలో మూడో వంతు! కొత్తవాళ్ల పట్టికల్లో ఎక్కువగా కనిపించేది ఈ తప్పే.

రెండో తప్పు ఉష్ణోగ్రత దగ్గర. 2 మైక్రాన్ల రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి 20 డిగ్రీల నీళ్లలో దాదాపు 7 గంటల 45 నిమిషాలు పడుతుంది, 30 డిగ్రీల్లో 6 గంటల 10 నిమిషాలే. పుస్తకాల్లోని పట్టిక సాధారణంగా 20 డిగ్రీలది. మన వేసవి ల్యాబ్‌లో అదే వాడితే ఆలస్యంగా పీల్చినట్టే, బంకమన్ను తక్కువ చూపిస్తుంది. థర్మామీటర్ సిలిండర్ పక్కన, ఇంకో సిలిండర్‌ నీళ్లలో ఉంచండి.

పొడి ఇసుకైతే ఇంత గొడవ లేదు. ఒక్కటే: జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న గింజలను సూదితో పొడవకండి, తిరగేసి మెత్తటి బ్రష్‌తో రుద్దండి. వల సాగిందంటే ఆ జల్లెడ పోయినట్టే.

గైడ్‌ని ఎంచుకునే ముందు ల్యాబ్‌లో రేణువుల సైజు కొలిచే లేజర్ యంత్రం ఉందేమో అడగండి. ఉంటే పని నిమిషాల్లో అయిపోతుంది. కానీ పలకల్లా ఉండే బంకరేణువులను అది పెద్దవిగా చూస్తుంది కాబట్టి పిపెట్ కంటే తక్కువ బంకమన్ను చూపిస్తుంది. పాత థీసిస్‌లోని పిపెట్ అంకెల పక్కన లేజర్ అంకెలు ఒకే పట్టికలో పెట్టకండి.