అమ్మ పూజ పెట్టె ఇంకా మీ అటక మీదే ఉంది

"మా అమ్మకి 81 ఏళ్లు, షుగర్ ఉంది. తుంటి ఎముక విరిగాక భీమిలి వైపు ఒక సీనియర్ లివింగ్‌లో చేర్పించాం. 14 నెలలైంది. నెల రోజులే కదమ్మా అని పూజ పెట్టె కూడా పంపలేదు, అటక మీద పెట్టాం. ఇంటికి తెద్దామంటే ఆవిడ గది ఆ వారమే మా అబ్బాయికి ఇచ్చేశాం. అమ్మ సింహాచలం అప్పన్న భక్తురాలు. ఓపిక ఉన్నన్నాళ్లూ చెప్పుల్లేకుండా గిరి ప్రదక్షిణ చేసింది. అక్కడి నైట్ డ్యూటీ నర్సు క్రిస్టియన్. రాత్రిళ్లు అమ్మ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేస్తోంది. కళ్లారా చూశాను. అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది, ఆ అమ్మాయితో మాత్రం గంటలకొద్దీ కబుర్లు. మడమ మీద పుండు మానిందనుకోండి, కానీ మతం సంగతేంటి? కంప్లైంట్ ఇచ్చి నర్సుని మార్పించమంటారా?"
పేరు వద్దన్న పాఠకుడు, సీతమ్మధార, విశాఖపట్నం

కంప్లైంట్ సంగతి ముందు తేల్చేస్తాను. ఆ ప్రార్థన కావాలో వద్దో చెప్పాల్సింది మీ అమ్మగారు. మీరూ కాదు, నేనూ కాదు. ఎవరూ లేనప్పుడు తలుపు వేసి నెమ్మదిగా అడగండి. రోజూ ఒళ్లు తుడిచి డైపర్ మార్చే మనిషితో "ఇది నాకొద్దమ్మా" అనడానికి మంచం పట్టిన వాళ్లకి నోరు రాదు. అందుకే అడగాలి. వద్దంటే ఆపేయమని సిస్టర్‌కి మీరే మర్యాదగా చెప్పండి, అప్పుడూ ఆపకపోతే పైవాళ్లకి చెప్పండి. కావాలంటే మాత్రం ఆ ఊసెత్తకండి. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడిచిన మనిషికి తన దేవుడెవరో తెలుసు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది వేరే చోట. "మడమ మీద పుండు మానిందనుకోండి." ఎంత తేలిగ్గా రాశారండీ! షుగర్ ఉన్న ఒంట్లో మడమ పుండు దానంతటది మానదు. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి, రాత్రి పన్నెండుకీ, రెండుకీ, నాలుక్కీ కూడా. మడమ పరుపుకి ఆనకుండా పిక్క కింద దిండు పెట్టాలి. దుప్పటి ముడతలు లాగాలి, చెమ్మ చేరనివ్వకూడదు, కట్టు మార్చాలి, తిననని మొండికేస్తే బతిమాలి పప్పూ పెరుగూ తినిపించాలి. మా అత్తగారు మంచాన ఉన్నప్పుడు ఒక నర్సుని చూశాను. తాకే ముందు అరచేతులు రుద్దుకుని వెచ్చబెట్టుకునేది. "మామ్మా, ఇటు తిరుగుదామా" అని అడిగాకే చెయ్యి వేసేది. మీ అమ్మగారి సిస్టర్‌కి ఆ ఓపిక తన ప్రార్థనలోంచే వస్తోందేమో. రాత్రంతా మేలుకునే మనిషికి ఎక్కడినుంచో ఒకచోటి నుంచి రావాలి కదా.

అమ్మ మీతో పొడిపొడిగా మాట్లాడేది ఆ అమ్మాయి వల్ల కాదు. నెల రోజులే అన్నారు. గది ఆ వారమే ఇచ్చేశారు. ఆవిడ తిరిగి రాదని మీకప్పుడే తెలుసు, ఆవిడకీ ఈపాటికి తెలిసిపోయింది. తల్లిని అలాంటిచోట చేర్చడం పాపమని నేననను. పగలంతా ఎవరూ ఉండని ఇంటికన్నా తుంటి విరిగిన మనిషికి అక్కడే నయం. కానీ మాయమాట చెప్పి దింపి రావడం మాత్రం నేనొప్పుకోను. నిజం చెబితే ఏడ్చేదేమో, ఏడవనివ్వాల్సింది. ఆవిడ దేవుళ్లని అటకెక్కించింది మీరు. ఇప్పుడు ఆవిడ భక్తి ఎటు పోతోందని నన్నడుగుతున్నారు. అక్షయ తృతీయ నాడు అప్పన్న చందనం ఒలిపించుకుని నిజరూపం చూపిస్తాడు. ఈ 14 నెలల్లో ఆ రోజూ వచ్చి వెళ్లింది. అమ్మ ఆ రోజు ఎలా గడిపిందో అడిగారా?

ఈ ఆదివారం పూజ పెట్టె దించండి. దుమ్ము తుడిచి, కొండకెళ్లి ప్రసాదం తీసుకుని, రెండూ ఆవిడ చేతికివ్వండి. ఆక్సిజన్ సిలిండర్లు ఉండే చోట దీపం వెలిగించనివ్వరు, బ్యాటరీ దీపం కొనండి. పటాలు గోడకి మరీ ఎత్తున పెడితే పడుకున్న మనిషికి కనపడవు, మీరొకసారి ఆ దిండు మీద తల ఆనించి చూసుకుని అమర్చండి. అయ్యాక పక్కన కూర్చుని, "నెల అని అబద్ధం చెప్పానమ్మా" అనండి. సంజాయిషీలు వద్దు. తిడితే పడండి. ఫోన్ చూసుకుంటూ లేచి రాకుండా రాత్రి దాకా ఉండండి. సిస్టర్ డ్యూటీకి వచ్చాక, పిక్క కింద దిండు ఎలా పెడుతుందో చూపించమని అడిగి, ఒకసారి మీ చేత్తో మీరు పెట్టండి.