గిరిప్రదక్షిణలో వినిపించిన మాట ఎవరిది?

మీ ప్రశ్న ఇది: పౌర్ణమికి బెంగళూరు నుంచి అరుణాచలం వెళ్ళారు. రాత్రి రెండు దాటాక, గిరిప్రదక్షిణ దారిలో ఉండే కుబేర లింగం దగ్గర "ఉద్యోగం మానెయ్, అన్నం పెట్టు" అని లోపల స్పష్టంగా వినిపించింది. అది దైవప్రేరణా, అహంకారమా?

రెండిట్లో ఏదో ఒకటే అయ్యుండాలనుకోవడంలోనే చిక్కుంది. ఇలాంటివాటిలో మొదట తోచిన మాట నిజమైనదే కావచ్చు. అహంకారం ఆ మాటలో ఉండదు, దాని వెనకాలే వచ్చే తోకలో ఉంటుంది. మీరు రాసిందే చూడండి. కొండ దగ్గర విన్నది నాలుగు మాటలు. తిరుగు బస్సు చెంగం, కృష్ణగిరి దాటి హోసూరు చేరేలోపు ట్రస్టు పేరు, హొసకోట వైపు అర ఎకరం స్థలం, ప్రారంభోత్సవానికి పిలవాల్సినవాళ్ళు, "మా బావకు అప్పుడు తెలుస్తుంది" అన్నదాకా వచ్చేశారు. ఇప్పుడు అంతా కలిపి దేవుడి ఖాతాలో వేస్తున్నారు.

ఈ తోక సంగతి చాలా ముందే పట్టుకున్నవాడు స్పెయిన్‌కు చెందిన క్రైస్తవ సాధువు ఇగ్నేషియస్ లయోలా. చెన్నై నుంగంబాక్కంలో లయోలా కాలేజీ ఉందే, ఆ పేరు ఆయనదే. ఇంకా సైనికుడిగా ఉన్నప్పుడు, 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి, కాలు విరిగి నెలల తరబడి మంచాన పడ్డాడు. పడుకుని రెండు రకాల ఊహల్లో తేలేవాడు. ఒకటి, ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే వీరకార్యాలు. రెండోది, సాధువుల్లా బతకడం. ఊహిస్తున్నంతసేపూ రెండూ తియ్యగానే ఉండేవి. మొదటిది అయిపోయాక మనసు ఎండిపోయేది, రెండోదాని తర్వాత సంతోషం నిలిచేది. ఆయన తర్వాత పెట్టిన నియమాల్లో నాకు అన్నిటికంటే పనికొచ్చేదిగా కనిపించేది ఇది: దైవానుభవం కలిగిన క్షణం వేరు, ఆ వెచ్చదనం ఇంకా మిగిలున్న సమయం వేరు. ఆ రెండో సమయంలో మనం సొంతంగా కట్టే పథకాలను విడిగా పరీక్షించాలి. ఆ వేడిలో తొందరపడి మొక్కు మొక్కుకోవద్దనీ, మనసు ఎండిపోయినప్పుడు పాత నిర్ణయం మార్చొద్దనీ కూడా అన్నాడు.

తోక లేని మాట ఎలా ఉంటుందో చూడాలంటే మీరు చుట్టి వచ్చిన కొండ కథే చాలు. 1896 ఆగస్టు చివర్లో పదహారేళ్ళ వెంకటరామన్ మదురైలో ఇల్లు వదిలాడు. ఆయనే తర్వాత రమణ మహర్షి. అన్న తన కాలేజీ ఫీజు కట్టమన్న 5 రూపాయల్లో 3 తీసుకుని, మిగిలిన 2 ఉత్తరంతోపాటు పెట్టి వెళ్ళాడు. ఆ చిన్న తమిళ ఉత్తరాన్ని నిదానంగా చూడండి. "నేను" అని మొదలవుతుంది. తండ్రిని వెతుక్కుంటూ ఆయన ఆజ్ఞ మీదే బయలుదేరానంటాడు. రెండో వాక్యానికల్లా "నేను" పోయి "ఇది" అవుతుంది. వెతకడానికి డబ్బు ఖర్చుపెట్టొద్దంటాడు. ఫీజు ఇంకా కట్టలేదనీ, 2 రూపాయలు ఇందులోనే ఉన్నాయనీ లెక్క చెప్తాడు. సంతకం ఉండాల్సిన చోట ఒక గీత ఉంటుంది, అంతే. వెళ్ళాక ఏమవుతాడో ఒక్క మాట లేదు. అంత పెద్ద పిలుపులో కూడా ఫీజు లెక్క మరిచిపోలేదు. అందుకే "నేను అన్నదల్లా చంపేయాలి" అనేవాళ్ళ మాట నాకు మింగుడుపడదు. ఫ్లాట్ ఈఎంఐ కట్టే "నేను" ఉండాల్సిందే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఒక తెల్లకాగితం మీద ముందు సమయం, చోటు, అంతకుముందు ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎప్పుడు తిన్నారు రాయండి. కింద విన్న మాటను విన్నట్టే రాయండి, ఒక్క పదం కలపకుండా. అడ్డంగా గీత కొట్టండి. మిగతాదంతా గీత కింద. ఈసారి ఆలస్యమైంది కానీ, ఇకమీదట విన్న పది నిమిషాల్లోపు రాయాలి. తెల్లారితే మనసు పైవాక్యాన్ని కూడా దిద్దేస్తుంది.

తర్వాత గీత కింద క్రియలు చూడండి. మన భాషలోనే ఈ తేడా ఉంది. "తోచింది", "అనిపించింది" అంటే ఎక్కడినుంచో వచ్చింది. "పెడతాను", "చూపిస్తాను", "నిరూపిస్తాను" అంటే వచ్చినదాన్ని ఎవరో పట్టుకున్నారు. "చూపిస్తాను" ఉన్న వాక్యంలో ఎవరికి చూపించాలో ఆ పేరు పక్కన రాయండి. మీ కాగితంలో బావగారి పేరు వస్తుంది.

మూడోది చేతిపని. సొంత బ్యానర్ వద్దు. బెంగళూరులో పెద్ద ప్రభుత్వాసుపత్రుల దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్ళకు అన్నం పెట్టే బృందం ఏదైనా చూసి, ఆరు శనివారాలు వాళ్ళ కింద చేరండి. పాతిక మందికి పులిహోర మీ వంతు అనుకుంటే మూడు కిలోల బియ్యం, పావు కిలో చింతపండు సరిపోతాయి. ఎండాకాలం పెరుగన్నం వద్దు, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. వడ్డన కాదు, గంగాళాలు కడిగే పని అడగండి. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పొద్దు, స్టేటస్‌లో ఫొటో పెట్టొద్దు. సాధారణంగా మూడో వారానికి ఉత్సాహం చల్లారి, ఎవరో "ఉప్పు తక్కువైంది" అని విసుక్కుంటారు. "ఇంత చేస్తే ఇదా" అని లోపల మండితే అది తోక మంట. అంతమాత్రాన పైవాక్యం అబద్ధం కాదు. మండినా మర్నాడు చింతపండు కొనాలనే అనిపిస్తే ఆ వాక్యంలో ప్రాణం ఉన్నట్టే.

మాట ఎంత గట్టిగా వినిపించిందన్నది లెక్కలోకి రాదు. చెప్పుల్లేకుండా 14 కిలోమీటర్ల దారి, ఖాళీ కడుపు, నిద్రలేమి, చుట్టూ వేలమంది శివనామం. అందులో ఏ ఆలోచనైనా గంటలా మోగుతుంది. బెంగళూరులో శని, ఆదివారాల్లో పెట్టే కొన్ని తరగతుల్లో "మొదట తోచిందే దైవవాక్కు, ప్రశ్నించొద్దు" అని డబ్బు తీసుకుని మరీ నేర్పుతున్నారు. ప్రశ్నించొద్దన్న మాట మీద కొంపలమ్ముకునేవాళ్ళుంటే ఆ బాధ్యత ఎవరిది? నిజమైన ప్రేరణ ప్రశ్నకు పారిపోదు.

ఒకటి మాత్రం వేరు. మాట చెవికే వినిపిస్తూ రోజుల తరబడి ఆగకపోయినా, రెండు మూడు గంటలే నిద్రపోయి అలసట తెలియకపోయినా, డబ్బు మంచినీళ్ళలా ఖర్చవుతున్నా గురువు దగ్గరికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. బెంగళూరు హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

రాజీనామా మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉండనివ్వండి. ఆరు శనివారాలయ్యాక పౌర్ణమి కాని రోజున, కడుపునిండా తిని, నిద్రపోయి, మళ్ళీ అరుణాచలం వెళ్ళండి. కుబేర లింగం దగ్గర కాగితం తీసి గీత పైనున్నది చదవండి. ఆ తర్వాత కిందున్నవాటిలో ఇంకా అవసరమనిపించినవి ఉంచుకుని మిగతావి కొట్టేయండి.