ఆ గడిలో ‘లేదు’ అని రాయకు బిడ్డా

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నిన్న నువ్వు వీడియో కాల్ చేసినప్పుడు నా చేతులు మట్టిమట్టిగా ఉన్నాయి. తాడ్వాయి వైపు నుంచి వచ్చినామె వీధిలో పుట్టగొడుగులు అమ్ముతుంటే పావుకిలో తీసుకున్నాను. అవి కడుగుతూనే నీతో మాట్లాడుతున్నాను. నువ్వేమో నవ్వుకుంటూ, "అత్తమ్మా, వచ్చే నెల నేను కూడా పుట్టగొడుగులే తింటున్నా, కాకపోతే వేరే రకం" అన్నావు. నువ్వనేది మనసును మార్చే మత్తు రకం గురించని నాకు అర్థమయ్యేసరికి బకెట్ నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. బాపుకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నావు.

ఆ ఒట్టు నిలబెట్టుకుంటాను. తిట్టడానికి రాయడం లేదు. తిట్టాలనుకుంటే నిన్ననే తిట్టేదాన్ని, నా నోటి సంగతి నీకు తెలుసు. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా అనిపించింది. మన ఇంట్లో ఎవరూ ఏదీ ముందు చెప్పి చెయ్యలేదు. చేశాక దాచడం, దాచింది బయటపడ్డాక ఏడవడం, ఇదే మన పద్ధతి. నువ్వు ముందే చెప్పావు. సైకాలజీ చదవడానికి అంత దూరం పోయి, మనసు మీద పనిచేసే దాని గురించి పుస్తకాలు చదివి, దాన్ని తినిపించే నిర్వాహకుల ఫామ్ నింపి, అప్పుడు చెప్పావు. ఆ ఫామ్ గురించే ఈ ఉత్తరం. కానీ దాని దగ్గరికి రావడానికి నాకు కొంచెం టైం పడుతుంది, ఓపిక పట్టు.

ముందు మామూలు సంగతులు. ఒక్కదానివే ఉండి తినకు. ఆ రోజు ఏమీ తీసుకోకుండా పూర్తి తెలివితో ఉండే మనిషి ఒకరు పక్కన ఉండాలి. మందు, గంజాయి దానితో కలపకు. ఆ రోజంతా బండి, సైకిల్ ముట్టుకోకు. మీ ఊళ్లో కాలువలు ఎక్కువని ఫొటోల్లో చూశాను. నీళ్ల పక్కకు, మేడ మీదికి పోకు. ఏ మందులైనా వాడుతుంటే నిర్వాహకులకు కాదు, డాక్టరుకు చెప్పి అడుగు. లిథియం గోలీలు వాడేవాళ్లకు దీనితో కలిసి ఫిట్స్ వచ్చిన కేసులు ఉన్నాయి. డిప్రెషన్ గోలీలు వాడేవాళ్లు దీనికోసం వాటిని ఉన్నట్టుండి ఆపేస్తే అదొక ప్రమాదం. ఇవన్నీ నీకు తెలుసు. నర్సుగా ముప్పై ఏళ్లకు పైగా చేసినదాన్ని, తెలిసినవాళ్లకే మళ్లీ మళ్లీ చెప్పడం అలవాటు.

మీ క్లాస్‌మేట్ ఎవరో "డబ్బులు ఎందుకు దండగ, చలికాలం ముందు గడ్డి మైదానాల్లో మనమే ఏరుకోవచ్చు" అన్నాడని చెప్పావు చూడు, అతని మాట అస్సలు వినకు. పుట్టమీద లేచేవాటిని మనం గుడ్డిగా నమ్ముతామంటే కారణం ఉంది. చెదలే పుట్టలో వాటిని సాగు చేస్తాయి, తొలకరికి అదే పుట్ట మీద పైకొస్తాయి, ఊళ్లో ముసలమ్మకు ఆ చోటు తెలుసు. అయినా మా డ్యూటీలో ప్రతి వానాకాలం ఒకటో రెండో కుటుంబాలు కుక్కగొడుగులు తిని వాంతులతో వచ్చేవి. వాంతులు వెంటనే మొదలైనవాళ్లను చూసి మేము భయపడేవాళ్లం కాదు. పొద్దున తిని, రోజంతా బాగుండి, అర్ధరాత్రి మొదలైనవాళ్లను చూస్తే భయం. కొన్ని జాతుల విషం ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి రోజు దాకా బయటపడదు. తర్వాత వాంతులు, విరేచనాలు. మర్నాడు కొంచెం తేరుకున్నట్టుంటారు, ఇంటివాళ్లు డిశ్చార్జ్ చెయ్యమని గొడవ చేస్తారు. లోపల కాలేయం మాత్రం పోతూ ఉంటుంది. మీ వైపు దొరికే గెలెరినా అనే చిన్న గోధుమరంగు గొడుగులో ఉన్నది ఆ విషమే. తెలియనివాళ్ల కంటికి అది మీరు వెతికేదానిలాగే కనిపిస్తుంది. నలిపితే నీలం రంగు వస్తే అసలుదేనని అతను అన్నాడట. వెల్లుల్లి వేసి ఉడికించి నల్లబడకపోతే మంచివేనని మా అమ్మమ్మ కూడా అనేది. రెండు మాటలనూ ఒకే సంచిలో కట్టి పెట్టు.

నెదర్లాండ్స్‌లో నువ్వు పోయే చోట ట్రఫుల్ అంటున్నావు. రాత్రి కూర్చుని చదివాను. అక్కడ 2007లో పదిహేడేళ్ల ఫ్రెంచ్ పిల్ల దూకి చనిపోయాక 2008 డిసెంబరు నుంచి పుట్టగొడుగుల్ని నిషేధించారు. నేల కింద గడ్డకట్టే భాగం మాత్రం చట్టంలో మిగిలిపోయింది. చట్టానికి అవి వేరు కావచ్చు, ఒంటికి రెండూ ఒకటే, రెండింట్లోనూ అదే సైలోసైబిన్. ఒంట్లోకి పోయాక అది సైలోసిన్‌గా మారి, మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పట్టుకునే చోట్లలో కొన్నింటి మీద పోయి కూర్చుంటుంది. అర గంటకో గంటకో మొదలై నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. గుండె దడ, వికారం, కళ్లు విప్పారడం మామూలే. కాలం ఆగిపోయినట్టు అనిపిస్తుందట. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. భయపడే మనిషికి ఆరు గంటలు ఆరు గంటల్లాగే గడవకపోతే ఎట్లా ఉంటుందో నేను ఒకసారి చూశాను.

దాన్ని మొత్తానికే చెడ్డదని అననులే. 1958లో స్విట్జర్లాండ్‌లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని విడదీయడానికి ఎన్నో తరాల ముందునుంచే మెక్సికోలో మసటెక్ తెగవాళ్లు దాన్ని వాడారు. మరియా సబీనా అనే ముసలమ్మ గురించి చదివితే నాకు మన ఊరి మంత్రసాని గుర్తొచ్చింది. జబ్బు మనిషి కోసం, రాత్రిపూట, ఇంట్లో, పాటలు పాడుతూ. 1955లో ఒక అమెరికా బ్యాంకు ఆయన వచ్చి తిని, రెండేళ్లకు పత్రికలో రాసేసరికి ఆ ఊరి మీదికి జనం ఎగబడ్డారు. ఊరివాళ్లు ఆమె మీద తిరగబడ్డారు, ఆమె ఇల్లు కాల్చేశారు. వైద్యం ఆమెది, చూడ్డానికి వచ్చింది వాళ్లు, ఇల్లు పోయింది ఆమెది. ఇప్పుడు డాక్టర్లు మళ్లీ వైద్యం దగ్గరికే వచ్చారు. ఆస్ట్రేలియాలో 2023 జూలై నుంచి, ఏ మందుకూ లొంగని డిప్రెషన్‌కు, అనుమతి ఉన్న సైకియాట్రిస్టులు దీన్ని రాయొచ్చు. అక్కడ తూకం ఉంటుంది, ముందు మాట్లాడటం, తర్వాత మాట్లాడటం ఉంటుంది, పక్కన మనుషులు ఉంటారు. అన్నిటికంటే ముందు ఎవరికి ఇవ్వకూడదో జల్లెడ పడతారు.

ఇక ఆ జల్లెడ సంగతి. "రక్తసంబంధీకుల్లో ఎవరికైనా సైకోసిస్, బైపోలార్ లాంటి మానసిక జబ్బులు ఉన్నాయా అని అడిగారు అత్తమ్మా, లేదు అని టిక్ పెట్టా, మనది గట్టి వంశం" అన్నావు.

బిడ్డా, ఆ టిక్ తప్పు. తప్పు నీది కాదు. నీకు మేం అబద్ధం చెప్పాం.

నా తమ్ముడు, మీ కాక గురించి నీకు తెలిసిన కథ ఏమిటి? డిగ్రీ చదివేటప్పుడు హోలీ నాడు దోస్తులు భంగు తినిపించారు, అప్పటినుంచి మనిషి మెత్తబడిపోయాడు, పెళ్లి వద్దన్నాడు, బర్రెలను చూసుకుంటూ ఊళ్లో ఉండిపోయాడు, బీపీ గోలి వేసుకుంటాడు. అంతేకదా? ఆ గోలి బీపీది కాదు. ముప్పై ఐదేళ్లుగా అతను వేసుకునేది స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకు.

1989 హోలీ అది. నేను స్టాఫ్ నర్సుగా చేరి రెండేళ్లయింది. అతనికి పంతొమ్మిది. కానీ సంక్రాంతికి నేను ఊరికి పోయినప్పుడే చూశాను. రాత్రి పడుకోడు. పెరట్లో చేదబావి గిలక పట్టుకుని నిలబడి ఎవరితోనో మాట్లాడతాడు. రేడియోలో వార్తలు చదివే ఆమె తన పేరే చెబుతోందని వెనక రేకు ఊడదీశాడు. ట్రైనింగ్‌లో నాకు మానసిక వార్డు పోస్టింగ్ పడింది, అదేమిటో నాకు అప్పుడే అర్థమైంది. అమ్మకు చెప్పాను. అమ్మ నా నోరు మూసింది. మూస్తే మూసుకున్నాను, ఎందుకంటే ఆ నెలలో సంబంధం చూస్తున్నది నాకే.

తర్వాత హోలీ. దోస్తులు భంగు ఉండ ఇచ్చిన మాట నిజమే. రాత్రికి గోడలు దగ్గరికి వస్తున్నాయని అరుపులు. అమ్మ చింతపండు నీళ్లు తాగించింది, నిమ్మకాయ పిండింది. నేనేం చేశానో తెలుసా? సిగ్గుతో, కోపంతో, అర్రలోకి నెట్టి బయట గొళ్లెం పెట్టాను. మత్తు దిగితే అదే తగ్గుతుంది, నాలుగిళ్లకు వినబడకపోతే చాలు అనుకున్నాను. లోపల దీపం కూడా లేదు. తలుపు సందులోంచి "అక్కా, నువ్వు అక్కవేనా" అని అడుగుతూ ఉన్నాడు. నేను జవాబు చెప్పలేదు. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, అవును నేనే, ఇది మన ఇల్లే, తెల్లారుతుంది అని ఆ నాలుగు ముక్కలు చెబితే పోయేదేముంది?

తెల్లవారుజామున తల గోడకు కొట్టుకున్నాడు. ట్రాక్టర్ మీద వరంగల్ తీసుకొచ్చాం. నేను పనిచేసే చోటుకు పోతే నలుగురికీ తెలుస్తుందని వేరే ఆసుపత్రికి తీసుకుపోయాను. డ్యూటీ డాక్టరు చిన్నవాడు, మంచివాడు, నర్సునని తెలిసి నన్నే అడిగాడు. ఇంతకు ముందు ఎప్పుడైనా ఇట్లా మాట్లాడాడా? లేదు సార్. నిద్ర బాగా పోతాడా? పోతాడు సార్. కొన్ని నెలలుగా మనిషిలో ఏమైనా తేడా? లేదు సార్. కేసు షీటును తలకిందులుగా చదవడం మాకు అలవాటు. భంగు మత్తు, పాత చరిత్ర లేదు అని రాశాడు. మర్నాడు ఇంటికి పంపించాడు. నా మాట నమ్మినందుకు అతన్ని నేను ఏమీ అనలేను.

ఆ "లేదు" ఖరీదు పదహారు నెలలు. తాయెత్తులు కట్టాం, వేములవాడలో కోడె కట్టాం. ఎవరడిగినా భంగు కథే చెప్పాం. భంగు ఇచ్చిన పిల్లలను ఊరంతా తిట్టింది, అందులో ఒకడు ఊరే వదిలిపెట్టి పోయాడు. ముందునుంచే ఉన్న జబ్బుకు ఆ ఉండ నిప్పు పెట్టి ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆ పిల్లల మీద వేసేస్తే మాకు తేలిక, వంశానికి మచ్చ లేదు. చివరికి ఒక రోజు కాజీపేట నుంచి పట్టాల వెంట నడుచుకుంటూ పోయి, మూడో రోజు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర దొరికాడు. పాదాలు చూసి మీ బాపు ఏడ్చాడు. అప్పుడు ఎర్రగడ్డ తీసుకుపోయాం. ఈ జబ్బుకు మందు ఎంత ముందు మొదలైతే మనిషి అంత మిగులుతాడు. నాకు పెళ్లయింది. మీ మామయ్య పోయేదాకా ఆయనకు కూడా ఈ సంగతి చెప్పలేదు. మీ అమ్మ సంబంధం వచ్చినప్పుడు మీ బాపు నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టే ఇవాళ తప్పుతున్నాను.

ఇప్పుడు నీకు 24. ఇట్లాంటివి తొంగిచూసేది సాధారణంగా ఈ వయసుల్లోనే. నీకు వస్తుందని అనడం లేదు, మీ కాకలాంటి మనిషి ఉన్న ఇళ్లలో చాలామందికి రాదు. కానీ చాలా పరిశోధనల్లో ఇట్లాంటి మందు ఇచ్చేటప్పుడు అమ్మానాన్నలు, తోబుట్టువుల దగ్గరే ఆగరు. బాబాయిలు, మేనమామల దాకా అడుగుతారు, ఉందంటే చాలామటుకు పక్కన పెడతారు. భంగుతో వచ్చిందని నమ్మావు కాబట్టే నువ్వు లెక్కలో వెయ్యలేదు. ఇప్పుడు వెయ్యి. ఫామ్ మార్చి ‘ఉంది’ అని రాయి. వాళ్లు వద్దంటే డబ్బు వాపసు అడుగు, ఇవ్వకపోతే నేను పంపుతాను. "పర్వాలేదు, కొంచెమే ఇస్తాం" అంటే మాత్రం ఆ క్షణమే సంచి తీసుకుని బయటికి రా. జల్లెడ పట్టనివాళ్ల చేతి తిండి తినకు.

నీ ఫ్రెండ్స్ తింటే నువ్వు ఆ మెలకువగా ఉండే మనిషివి అవ్వు. అది నువ్వు బాగా చేస్తావు. ఎవరైనా బెదిరితే వాదించకు, నవ్వకు, తలుపు మూయకు. లైటు తగ్గించు, నీళ్లు ఇవ్వు, పేరు పెట్టి పిలువు, టైం ఎంతయిందో చెప్పు. ఒళ్లు తెలియకపోయినా, ఫిట్స్ వచ్చినా అంబులెన్స్ పిలిచి ఏం తిన్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పు. మర్నాటికి కూడా మాటలు దారి తప్పి ఉంటే, నిద్ర పట్టకపోతే ఆగకుండా డాక్టరు దగ్గరికి. ఇక్కడ నీ దోస్తులెవరికైనా ఇట్లాంటి అవసరం పడితే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వు, తెలుగులో మాట్లాడతారు. ఈ పుట్టగొడుగుల కోసం కొడైకెనాల్ పోదామనేవాళ్లకు మాత్రం మన దగ్గర ఇది 1985 నాటి మత్తుమందుల చట్టం, ఎన్‌డీపీఎస్ కిందికి వస్తుందని చెప్పు.

కోపం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. రెండు రోజులు నాతో మాట్లాడకపోయినా సరే, కానీ కాకతో మాట్లాడు. పొద్దున తొమ్మిదింటికి పాలు పోసి వచ్చి పేపర్ చదువుతూ ఉంటాడు. జబ్బు సంగతి నువ్వు ఎత్తకు, అతనే ఎత్తితే విను. నీ ఫొటో రేషన్ కార్డు కవర్లో పెట్టుకున్నాడు, నీకు తెలుసా?

ఎండబెట్టిన పుట్టగొడుగులు పార్శిల్ చెయ్యమన్నావు, అవి పంపను. మీ కస్టమ్స్ వాళ్లకు తాడ్వాయి ఎక్కడుందో నేను వివరించలేను. చింతకాయ తొక్కు పంపుతున్నాను, మూత గట్టిగా పెట్టుకో.

మీ అత్తమ్మ