జాజ్ ఉత్సవాల్లో ప్రయోగాత్మక బృందాలు ఏ సన్నాహమూ లేకుండానే వాయిస్తాయా?

లేదు, స్వరాలు ముందే రాసుకున్నవి కాకపోవచ్చు గానీ, వాటి వెనుక ఏళ్ల సాధన, కలిసి వాయించిన అలవాటు ఉంటాయి.

మామూలు జాజ్‌లో పాట వరస, లయ ముందే తెలిసి ఉంటాయి; వాద్యకారులు ఆ చట్రంలో కల్పన చేస్తారు. మన మనోధర్మ సంగీతానికి రాగతాళాలు ఎలాగో అలాగే. ఈ బృందాలు ఆ చట్రాన్నీ పక్కన పెడతాయి. ఇక మిగిలే ఆధారం చెవి ఒక్కటే. పక్క వాద్యం మలుపు తిరగగానే దానికి తోడు వెళ్లాలా, ఎదురు నిలవాలా, ఆగిపోవాలా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. నిజానికి ఆగడమే అన్నిటికన్నా కష్టం. మంది ఎక్కువైతే గందరగోళం తప్పదు కనుక, పెద్ద బృందాలు చేతి సైగలనో గీతల రూపంలోని సూచనలనో వాడుకుంటాయి.

1966లో బెర్లిన్ జాజ్ ఉత్సవం కోసం పియానో వాద్యకారుడు అలెగ్జాండర్ ఫాన్ ష్లిపెన్‌బాఖ్ గ్లోబ్ యూనిటీ ఆర్కెస్ట్రాను కూర్చారు. మాన్‌ఫ్రెడ్ షోఫ్ నడిపే ఐదుగురి బృందం, పీటర్ బ్రోట్స్‌మన్ నడిపే ముగ్గురి బృందం అందులో కలిశాయి. అంటే చాలామందికి ఒకరి ధోరణి ఒకరికి ముందే తెలుసు. పైగా ఆ రోజు వాయించినదానికి ష్లిపెన్‌బాఖ్ రాసిన కూర్పే ఆధారం; పూర్తి స్వేచ్ఛ వైపు బృందం తరువాతే మళ్లింది.

వాద్యం సరిగా రానివాళ్లే ఇలా తోచింది వాయిస్తారని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ష్లిపెన్‌బాఖ్ జర్మనీలోని కొలోన్ నగరంలో సంగీత రచనను పద్ధతిగా చదువుకున్నవారు.