తాంబూలం ఇవ్వబోతున్న మనవరాలికి

చి.ల.సౌ. మనవరాలికి అమ్మమ్మ దీవించి వ్రాయునది.

ఈ శ్రావణంలో మీ కొత్త ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకుంటున్నావని, పేరంటానికి వీధిలోని వాళ్లందరినీ పిలుస్తున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే భోజనాలయ్యాక హాలులో ఒక పళ్లెంలో తమలపాకులు, వక్కపొడి, సున్నం ప్యాకెట్లు పెట్టి, ఎవరికి కావలసినట్లు వారు చుట్టుకునే ఏర్పాటు చేస్తున్నావని, ఆకు ఆరోగ్యానికి మంచిది కనుక పిల్లలకు కూడా తీపి తాంబూలం ఇవ్వాలనుకుంటున్నావని విన్నప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. ఫోనులో చెబితే సగం విని సరేనంటావు కనుక ఈ ఉత్తరం వ్రాస్తున్నాను.

ఆకులు ముందురోజు సాయంత్రం కొని, కడిగి, తడిగుడ్డలో చుట్టి ఉంచు. చిరిగినవి, మచ్చలున్నవి పూజకు పనికిరావు. ఒక ఆకు మీద పసుపు గణపతిని నిలిపి మొదట ఆయనను పూజించాలి. నైవేద్యం అయిన తరువాత "పూగీఫల సమాయుక్తం నాగవల్లీ దళైర్యుతం" అని చదివి అమ్మవారికి తాంబూలం సమర్పించాలి. షోడశోపచారాలలో తాంబూలం కూడా ఒకటి కనుక దానిని తొందరలో మరచిపోకు. మిగిలిన క్రమమంతా పూజ పుస్తకంలో ఉంటుంది.

వాయనం ఇచ్చేటప్పుడు మాత్రం తొందర పడకు. రెండు ఆకులు, రెండు వక్కలు, రెండు అరటిపండ్లు, పసుపు కుంకుమలు, పూలు, రవికల గుడ్డ, నానబెట్టిన శనగలు ఒక్కొక్కరి కోసం ముందుగానే సర్ది ఉంచుకుని, కూర్చోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, "ఇస్తినమ్మ వాయనం" అని నిండుగా అను. "పుచ్చుకొంటినమ్మ వాయనం" అని అవతలి మనిషి అనే వరకు చేయి వెనక్కి తీసుకోకు. పెళ్లి మాట ఖాయమైందనడానికి మనవాళ్లు తాంబూలాలు పుచ్చుకున్నారని ఎందుకంటారో ఆ క్షణంలో నీకే తెలుస్తుంది. ఆకు చేతులు మారితే మాట స్థిరపడినట్లే. ఇంకొక సంగతి. మీ వీధిలో భర్తను పోగొట్టుకున్నవారు ఉంటే వారినీ పిలిచి, ఆకూ పండూ చేతికిచ్చి నమస్కరించు. మా అమ్మ కాలంలో అటువంటి ఆడవాళ్లు పేరంటం నాడు వంటింటి గుమ్మం దాటి రాకపోవడం నేను కళ్లారా చూశాను. నీ ఇంట్లో ఆ బాధ ఎవరికీ కలగకూడదు.

ఇక ఆరోగ్యం మాట. ఆకులో గుణం ఉన్నమాట నిజమే. మిరియాల తీగ కుటుంబానికి చెందినదే తమలపాకు తీగ. అందుకే నమిలితే ఆ ఘాటు తగులుతుంది, నోరు ఊరుతుంది, దుర్వాసన పోతుంది. చరకసంహిత సూత్రస్థానంలో నోటి శుభ్రతకు, సువాసనకు జాజికాయ, వక్క, లవంగం, ఏలకులు, కర్పూరంతో పాటు తమలపాకును నోట ఉంచుకోమని చెప్పారు. ఆ వరుసలో సున్నమూ లేదు, పొగాకూ లేదు. పొగాకు పోర్చుగీసువారి రాకతో ఈ దేశంలో అడుగుపెట్టినది. మీ అమ్మకు చిన్నతనంలో రొంప పట్టినప్పుడల్లా ఆకుకు ఆముదం రాసి, దీపం సెగన వెచ్చచేసి, నా మోచేతి మీద పెట్టి చూసుకుని, తరువాత దాని రొమ్ము మీద పరచేదాన్ని. ఆ వెచ్చదనానికి హాయిగా నిద్రపోయేది. అలాగని జ్వరం, ఆయాసం ఉన్న బిడ్డకు ఆకువైద్యం చేస్తూ కూర్చోకూడదు, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాలి. పసిపిల్లలకు విరేచనం కాకపోతే ఆకు తొడిమను ఆముదంలో ముంచి వాడే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. అది నీ బిడ్డకు ఎవరు చెప్పినా చేయవద్దు.

ఆకు మంచిదనే మాటను వక్కకు అంటగట్టడమే నాకు నచ్చని సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో పొగాకు కలపని తాంబూలాన్ని, విడిగా వక్కను కూడా మనుషులలో క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది. వక్క నమిలే అలవాటు ముదిరితే బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి నోరు తెరవడమే కష్టమవుతుంది. పూజలో వక్క ఉండాలి, వాయనంలో ఉండాలి. దానిని రోజూ నోట వేసుకునే అలవాటు ఉండకూడదు. పిల్లలకు తీపి తాంబూలమంటూ ఆ రుచి నేర్పడం అసలే వద్దు. పెద్దవాళ్లకు భోజనానంతరం ఏదైనా ఇవ్వాలనిపిస్తే లేత ఆకు తొడిమ, కొన, ఈనెలు తీసి, లవంగం, ఏలకులు, కాస్త సోంపు, కొబ్బరి కోరు పెట్టి చిలకలు చుట్టి ఇవ్వు.

సున్నం గురించి చెప్పడానికే అసలు ఈ ఉత్తరం. మా అత్తగారి సున్నపుకాయ ఇత్తడిది. మూత బిగువుగా ఉండేది, అది ఎప్పుడూ ఆవిడ బొడ్డులోనే ఉండేది, పిల్లల చేతికి అందేది కాదు. ఇప్పుడు సున్నం చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్లలో వస్తోంది. చాలా ఏళ్ల క్రితం మన దగ్గరి బంధువుల ఇంట గృహప్రవేశానికి వెళ్లాను. నువ్వు అనుకుంటున్నట్లే భోజనాల పందిరి పక్కన పొట్టి బల్ల మీద తాంబూలం పళ్లెం పెట్టారు. పెద్దలంతా మాటల్లో ఉండగా నాలుగేళ్ల పిల్లవాడు ఒకడు ప్యాకెట్ తీసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని రెండు చేతులా నొక్కాడు. అది పగిలి సున్నమంతా కుడికంట్లో పడింది. వాడి కేక ఈనాటికీ నా చెవిలో ఉంది. అక్కడ జరిగిన పొరపాటు ప్యాకెట్ అందనివ్వడంతో ఆగలేదు. ఒకరు పైటచెంగుతో కన్ను తుడిచారు, దానితో సున్నం రెప్ప కిందికి ఇంకా పాకింది. ఇంకొకరు చలవ చేస్తుందని ఆముదం చుక్కలు వేశారు. దిష్టి తీయమన్నవారూ ఉన్నారు. పెరట్లో కుళాయి ఉంది, గంగాళాల నిండా నీళ్లున్నాయి, అయినా ఆ కంటిని కడగాలని ఎవరికీ తోచలేదు. సున్నం ఘాటైన క్షారం. అది రెప్ప కింద అంటుకుని ఉన్నంతసేపూ కంటి లోలోపలికి దిగి కాలుస్తూనే ఉంటుందని ఆసుపత్రిలో డాక్టరు చెప్పేసరికి ఆలస్యమైపోయింది. నల్లగుడ్డు తెల్లబడి ఆ కంటికి చూపు పోయింది.

కనుక తల్లీ, సున్నం ప్యాకెట్లు నీ గడప తొక్కనీయకు. కాల్షియం కోసమని ఎవరైనా అంటే రాగులు, పాలు, నువ్వులు ఉన్నాయని చెప్పు. వచ్చిన పెద్దవారిలో ఎవరైనా తమ వెంట తెచ్చుకున్నారేమో కూడా గమనించు. ఏ ఇంట్లోనైనా, ఎవరి బిడ్డకైనా అటువంటిది జరిగితే తుడవకుండా, నలపనీయకుండా, వెంటనే కుళాయి కిందనో చెంబుతోనో మంచినీళ్లు ధారగా పోస్తూ, రెప్పలు విడదీసి, కనీసం అరగంట కడిగి, ఆ తరువాత కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. పాలు, నూనె, పసరు ఏవీ వేయకూడదు.

నిన్ను భయపెట్టాలని కాదు. నీ చేతి వాయనం పుచ్చుకోవడానికి నేను రాలేకపోతున్నానన్న దిగులు కూడా ఈ కోపంలో కలిసి ఉంది. నా వంతు ఆకులు, వక్కలు, రవికల గుడ్డ విడిగా తీసి ఉంచు, దసరాకు వచ్చినప్పుడు తీసుకుంటాను. గురువారం రాత్రి సామాన్లన్నీ సర్దుకున్నాక నాకు ఒకసారి ఫోను చేసి, ఇంట్లో సున్నం ప్యాకెట్ ఒక్కటి కూడా లేదని చెప్పు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ