ఉద్యోగం పోయిందని నాయనకు ఎలా చెప్పను?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం చేసి తిరుపతిలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో మూడేళ్లు పనిచేశాను. పోయినేడు, డిప్లొమా నర్సులు చదివే డిగ్రీ పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌లో చేరి, పగలు కాలేజీ, రాత్రి డ్యూటీ చేసుకుంటూ వచ్చాను. పోయిన నెల స్టాఫ్‌ను తగ్గిస్తున్నామని నన్ను మానిపించారు. ఇంట్లో చెప్పలేదు. రూములో ఉండే పిన్ని కూతురికి అనుమానం రాకూడదని రాత్రి యూనిఫాం బ్యాగులో పెట్టుకుని బయల్దేరి, రైల్వే స్టేషన్‌లో యాత్రికుల మధ్య తెల్లారేదాకా కూర్చుంటున్నాను. అప్పు చేసి ఇంటికి డబ్బు పంపాను. కోర్సు మానేసి ఎక్కడైనా చేరిపోదామా అనిపిస్తోంది. నాయన పాలమ్మి చదివించాడు. ఆయన ముఖం ఎలా చూడను?

జవాబు: అమ్మా, ఆ స్టేషన్ రాత్రుల సంగతి చదివి చాలా బాధపడ్డాను. ఈ రోజు నుంచే అది ఆపేయండి. డ్యూటీలో అయితే పక్కన తోటి సిస్టర్లు ఉండేవాళ్లు, కాసేపు నడుం వాల్చే వీలుండేది. ఇప్పుడు నిద్రా లేదు, జీతమూ లేదు. ఆ కళ్లతో పొద్దున్నే క్లినికల్స్‌కు, అంటే వార్డు ట్రైనింగ్‌కు వెళ్లి పేషెంటుకు ఇంజెక్షన్ ఎలా లోడ్ చేస్తారు? మీరే చెప్పండి.

పిన్ని కూతురికి ఈ రాత్రే చెప్పేయండి. నాయనకు మాత్రం ఫోన్‌లో వద్దు, ఆదివారం ఊరికి వెళ్లండి. ఆయన కేంద్రంలో పాలు పోసి వచ్చి తీరిగ్గా కూర్చున్నాక, అమ్మ కూడా ఉండగా, సూటిగా చెప్పండి. "నాయనా, ఆస్పత్రిలో కొంతమందిని తీసేశారు, నన్నూ తీసేశారు. కోర్సు ఇంకో ఏడాది ఉంది. అప్పటిదాకా డబ్బు పంపలేను." అప్పు మాట కూడా అప్పుడే చెప్పేయండి, మళ్లీ ఇంకో రోజుకు దాచొద్దు. కోప్పడతారేమో, రెండు రోజులు మాట్లాడరేమో. కానీ పాడి మీద బతికే మనిషికి ఆవు వట్టిపోయిన నెలలు కొత్త కాదు. అలాంటప్పుడు ఇల్లు ఎలా నెట్టుకురావాలో ఆయనకు మీకంటే బాగా తెలుసు.

కోర్సు మాత్రం మానొద్దు. రెండేళ్ల చదువులో సగం అయిపోయింది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్షకు జీఎన్‌ఎం వాళ్లనైతే కనీసం 50 పడకల ఆస్పత్రిలో 2 ఏళ్ల అనుభవం అడుగుతారు. పోస్ట్ బేసిక్ పూర్తయితే ఆ షరతు ఉండదు. వయసు 30 దాటకూడదు, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు సడలింపు ఉంటుంది. మన మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఈ పోస్టులున్నాయి.

అయినా సరే, పాత ఆస్పత్రి నుంచి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోకుండా వదలొద్దు. చేరిన తేదీ, మానిన తేదీ, ఎన్ని పడకల ఆస్పత్రో అందులో రాయించండి. రావాల్సిన జీతం, పీఎఫ్ వివరాలు కూడా అప్పుడే అడగండి. అర్జీ రాతలో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గర ఉండిపోతే వెంటనే వెనక్కి తెచ్చుకోండి, వాటిని అట్టిపెట్టుకునే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు. జీతంలో ఈఎస్‌ఐ (ఉద్యోగుల బీమా) కట్ అయ్యేదా? అయితే ఉద్యోగం పోయినవాళ్లకు ఇచ్చే భృతికి అర్హత ఉందేమో ఈఎస్‌ఐ ఆఫీసులో కనుక్కోండి.

ఇక చేతి ఖర్చు. స్విమ్స్, రుయా, బర్డ్ ఆస్పత్రులున్న ఊరు మీది. డిశ్చార్జి అయి ఇంటికొచ్చినవాళ్లకు డ్రెస్సింగ్ మార్చడానికి, ఇంజెక్షన్లు వేయడానికి నర్సు కావాల్సి వస్తూనే ఉంటుంది. ఆదివారాలు, సెలవు రోజులు అలాంటి పని చూసుకోండి. డాక్టరు రాసిచ్చిన చీటీ లేకుండా ఇంజెక్షన్ ముట్టుకోవద్దు, ఇంట్లో ఎవరెవరు ఉంటారో తెలుసుకోకుండా వెళ్లొద్దు. నైట్ డ్యూటీలు ఈ ఏడాదికి వద్దు. ఫీజు వాయిదాల్లో కడతానని ప్రిన్సిపాల్ గారిని అడగండి. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి.

ఇంట్లో చెప్పాక కూడా నిద్ర పట్టకపోయినా, ఏడుపు ఆగకపోయినా 14416కు ఫోన్ చేయండి. అది టెలిమానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఖర్చు లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆదివారం దాకా ఆగకండి. వెంటనే పిన్ని కూతురిని వెంటబెట్టుకుని రుయాకు వెళ్లి సైకియాట్రీ డాక్టర్‌ను కలవండి.