ఘాట్ ఎక్కిన దృశ్యాలు ఎటు పోయాయి?

ప్రశ్న: దసరా సెలవుల్లో మేము కారులో రామేశ్వరం వెళ్లాలనుకుంటున్నాం. దారంతా రికార్డు చేసుకోవాలని నాలుగు వేల లోపు ధరలో, కారు ముందు అద్దానికి బిగించే డ్యాష్ క్యామ్ ఒకటి కొని, 32 జీబీ కార్డు వేసి, ముందుగా అరకు వెళ్లివచ్చాం. ఇంటికి వచ్చి చూస్తే తిరుగు ప్రయాణం మాత్రమే ఉంది. అనంతగిరి ఘాట్ ఎక్కిన భాగంలో అక్కడక్కడ చిన్న ముక్కలు తప్ప ఏమీ మిగలలేదు. ఇది కెమెరా లోపమా? ఇంకా ఖరీదైనది కొనాలా?
— ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: కెమెరాలో లోపమేమీ లేదు. డ్యాష్ క్యామ్‌ను విహారయాత్రల కోసం కాక, ప్రమాదం జరిగితే సాక్ష్యం కోసం తయారు చేస్తారు. అందుకే కార్డు నిండగానే అన్నిటికన్నా పాత దృశ్యాన్ని చెరిపి, ఆ చోట కొత్తదాన్ని నింపుతుంది. 1080పీ నాణ్యతలో ఇటువంటి కెమెరాలు సాధారణంగా గంటకు 6, 7 జీబీ వాడుకుంటాయి గనుక, మీ కార్డులో అయిదు గంటలకు మించి పట్టదు. అరకుకు రానూ పోనూ సుమారు 230 కిలోమీటర్లు, పైగా ఘాట్‌లో నెమ్మదిగా నడపాలి కాబట్టి, ఉదయపు దృశ్యాలు సాయంత్రానికి మిగలకపోవడం సహజమే. ఆ చిన్న ముక్కలు జీ-సెన్సర్, అంటే కుదుపును పసిగట్టే పరికరం, దాచినవి. బండి గుంతలో పడినప్పుడల్లా ప్రమాదమేమోనని అది ఆ ముక్కకు తాళం వేస్తుంది. అవి చెరగవు గనుక మిగతావాటికి చోటు మరింత తగ్గిపోతుంది. సెట్టింగుల్లో ఆ సెన్సర్‌ను అన్నిటికన్నా తక్కువ మెట్టులో పెట్టండి.

నా సలహా కార్డు మార్చమనే. మీ కెమెరా ఎంత కార్డు వరకు తీసుకుంటుందో దానితో వచ్చిన పుస్తకంలో చూసుకుని, వీలైతే 128 జీబీది, అదీ నిరంతర రికార్డింగుకు తట్టుకునే హై ఎండ్యూరెన్స్ రకం కొని, కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. రామేశ్వరం దారిలో చెన్నై వరకు సుమారు 800 కిలోమీటర్లు. ఒక పగటి ప్రయాణం అందులో హాయిగా పడుతుంది. రాత్రి బస చేసిన చోట దాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకోండి. గోదావరి దాటేటప్పుడు పక్కసీటులో ఉన్నవారు కెమెరా మీది తాళం మీట నొక్కితే, ఆ ముక్క చెరిగిపోతుందన్న బెంగ ఉండదు.

విశాఖ నుంచి విజయవాడ వరకు 16వ నంబరు జాతీయ రహదారి స్థూలంగా నైరుతి దిక్కుగా సాగుతుంది. వెళ్లేటప్పుడు సాయంత్రపు ఎండ, వచ్చేటప్పుడు ఉదయపు ఎండ సూటిగా లెన్స్‌లో పడతాయి. కాబట్టి వెళ్లేటప్పుడు తెల్లవారకముందే బయలుదేరితే సూర్యుడు వెనుక ఉంటాడు, దృశ్యాలు తేటగా వస్తాయి. మన సముద్రపు గాలికి అద్దం మీద పేరుకునే ఉప్పుపొర పగలు కంటికి ఆనదు గానీ, రాత్రి ఎదురు బండ్ల వెలుగును చెదరగొట్టి చిత్రాన్ని పాడుచేస్తుంది. అద్దాన్ని లోపలా బయటా తుడవండి. రాత్రివేళ నంబరు ప్లేట్లు చదవడం మాత్రం ఈ ధరలో ఆశించకండి.

బండిని ఎండలో ఆపితే కెమెరాను తీసి సంచిలో పెట్టుకోండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటే వేడికి ఉబ్బిపోవచ్చు. మైకు కూడా ఆపివేయండి. రేపెప్పుడైనా ఈ వీడియోను పోలీసులకో బీమావారికో చూపవలసివస్తే, దారిలో మీరు మాట్లాడుకున్న ఇంటి సంగతులు వారు వినవలసిన పని లేదు.